వోర్మ్స్‌లో యూదుల పాత వీధి చూడాలంటే ముందు సమాధుల తోటకి వెళ్ళండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉద్యోగం జర్మనీలో వాల్‌డార్ఫ్‌లో, గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు, ఇద్దరూ లూథరన్ సంఘంవాళ్ళు కాబట్టి దగ్గర్లోని వోర్మ్స్‌లో, వాళ్ళ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ స్మారకం చూపించాలనుకుంటున్నారు. అదే ఊళ్ళో వెయ్యేళ్ళ నాటి యూదుల వీధి, సమాధులు ఉన్నాయని ఎవరో చెప్పారు. పెద్దవాళ్ళతో వెళ్ళి చూడదగ్గవేనా, ఎంత టైమ్ పడుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

తప్పకుండా చూడండి. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి నాలుగైదు గంటలు పెట్టుకోండి. ముందు సమాధుల తోట, తర్వాత సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఆఖర్న మ్యూజియం. శనివారం మాత్రం పెట్టుకోవద్దు. ఇలాంటి పాత యూదు కట్టడాలే ఉన్న స్పైయర్, మైంజ్ కూడా అదే రోజు చుట్టేద్దాం అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి, మూడు ఊళ్ళూ ఒకేరోజు చూసినవాళ్ళకి చివరికి ఏ ఊళ్ళో ఏం చూశారో గుర్తుండదు.

నేను పదహారేళ్ళుగా మన్‌హైమ్‌లో ఉంటున్నాను. అక్కడి నుంచి వోర్మ్స్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు. మొదట్లో ఇంటికొచ్చిన చుట్టాల్ని తీసుకెళ్ళేవాణ్ణి, తర్వాత స్నేహితుల అమ్మానాన్నల్ని, ఇప్పుడు ఏటా నాలుగైదుసార్లు ఎవరో ఒకరితో వెళ్తూనే ఉంటాను. కాబట్టి మనవాళ్ళు ఎక్కడ ఆగుతారు, ఎక్కడ అలిసిపోతారు, ఏం అడుగుతారు అన్నది నాకు బాగా తెలుసు.

సమాధులతో మొదలుపెట్టమంటే చాలామంది మొహం అదోలా పెడతారు. ఊరు చూడటానికి వచ్చి ముందే శ్మశానమా అని. కారణం చెప్తాను. వోర్మ్స్‌లో యూదుల మందిరం 1034లో కట్టారు, మీరు ఇప్పుడు చూసే కట్టడం మాత్రం 1961లో మళ్ళీ లేపినది. వీధిని 1689లో ఫ్రెంచి సైన్యం తగలబెట్టింది. మందిరాన్ని 1938 నవంబరు 10న నాజీలు తగలబెట్టారు, మిగిలిన గోడల్ని 1942లో కూల్చేశారు. ఆ సమాధుల తోట ఒక్కటే దాదాపు తొమ్మిదిన్నర శతాబ్దాలుగా ఉన్నచోటే ఉంది. అది చూశాక మందిరం దగ్గరికి వెళ్తే అక్కడ ఏది పాతరాయి, ఏది కొత్తరాయి అని మీ కళ్ళే వెతుకుతాయి. వరస తిరగేసి వెళ్ళినవాళ్ళకి మందిరం ఓ చిన్న పాత చర్చిలా కనిపించి, "ఇంతేనా" అనిపించడం నేను చాలాసార్లు చూశాను.

ఆ తోట పేరు జర్మన్‌లో హైలిగర్ జాండ్, అంటే పవిత్రమైన ఇసుక. యెరూషలేము నుంచి ఇసుక తెచ్చి ఇక్కడ పోశారని ఒక కథ చెప్తారు. లూథర్ స్మారకం నుంచి మెల్లగా నడిచినా పది నిమిషాలే. పాత కోట గోడకు అవతల, రోడ్డు పక్కనే ఉంటుంది, అయినా లోపలికి అడుగుపెట్టగానే బయటి చప్పుడు తగ్గిపోతుంది. సుమారు రెండున్నర వేల సమాధి రాళ్ళు ఉన్నాయి. నేల ఎగుడు దిగుడు, గడ్డి ఎత్తుగా ఉంటుంది, రాళ్ళు ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరిగి ఉంటాయి. గుర్తుపట్టగలిగినవాటిలో అన్నిటికంటే పాతది 1058-59 నాటిది.

రెండు సంవత్సరాలు ఎందుకు రాశానో చెప్తాను, అక్కడి బోర్డుల మీద కూడా ఇలాగే ఉంటుంది, అందరూ అడుగుతారు. ఆ రాళ్ళ మీద క్రీస్తు శకం ఉండదు, సృష్టి మొదలు నుంచి లెక్కపెట్టిన యూదుల సంవత్సరం ఉంటుంది, అదీ అంకెల్లో కాకుండా అక్షరాల్లో. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంది. 4819 అని వస్తే అందులోంచి 3760 తీసేయాలి, 1059 వస్తుంది. కాకపోతే వాళ్ళ కొత్త సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది, కాబట్టి అది 1058 చివరి నుంచి 1059 మధ్య ఎక్కడైనా కావచ్చు. ఇది తెలిస్తే అక్కడ కనిపించే ప్రతి జంట సంవత్సరం అర్థమవుతుంది.

ఇంకో సంగతి. జర్మనీలో మామూలు శ్మశానాల్లో సమాధి స్థలం అద్దెకిచ్చినట్టు ఇస్తారు, సాధారణంగా ఇరవై ముప్ఫై ఏళ్ళకి గడువు అయిపోతుంది, కుటుంబం పొడిగించకపోతే రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. యూదుల పద్ధతి పూర్తిగా వేరు. ఒకసారి పాతిపెట్టిన చోటు ఆ మనిషిదే, ఎప్పటికీ కదపరు. 1911లో ఊరికి ఇంకోవైపు కొత్త శ్మశానం తెరిచారు, పాతదాన్ని మాత్రం అలాగే ఉంచారు. రాళ్ళు ఒరిగిపోయి గడ్డి పెరిగిపోయి ఉంటే మనకి పట్టించుకోలేదేమో అనిపిస్తుంది. పట్టించుకోకపోవడం కాదు. చనిపోయినవాళ్ళని కదపకూడదన్న పట్టుదల అది.

లోపలికి కొద్ది దూరం వెళ్ళగానే రెండు రాళ్ళు పక్కపక్కన నిలబడి ఉంటాయి. వాటి పైఅంచు మీద గులకరాళ్ళు కుప్పగా పోసి ఉంటాయి, మధ్యలో మడిచిన చిన్న చిన్న కాగితాలు, కొన్ని వానకి తడిసి ఆరి గట్టిపడిపోయి ఉంటాయి. ఇక్కడ కనీసం పది నిమిషాలు ఆగండి. అందులో ఒకటి రోథెన్‌బుర్గ్ రబ్బీ, అంటే యూదుల మతగురువు, మెయిర్ బెన్ బారుఖ్‌ది. ఆ కాలంలో జర్మన్ యూదులకి ఆయనే పెద్ద దిక్కు, ఎక్కడ ధర్మసందేహం వచ్చినా ఆయనకే ఉత్తరం రాసేవాళ్ళు. 1286లో దేశం విడిచి వెళ్ళబోతుంటే పట్టుకుని జర్మన్ రాజు రూడాల్ఫ్ చెరలో పెట్టారు. విడిపించడానికి పెద్ద మొత్తం అడిగారు. తనకోసం డబ్బు కడితే రేపు ప్రతి రబ్బీనీ ఇలాగే పట్టుకుంటారని ఆయనే వద్దన్నాడని యూదుల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. 1293లో చెరలోనే చనిపోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు, పద్నాలుగేళ్ళు ఉంచేశారు. 1307లో అలెగ్జాండర్ బెన్ సాలమన్ వింప్‌ఫెన్ అనే వర్తకుడు డబ్బు కట్టి ఆ దేహాన్ని తెచ్చి ఇక్కడ పాతిపెట్టించాడు. ఆ వర్తకుడు కోరుకున్నది ఒక్కటే, తను చనిపోతే రబ్బీ పక్కన చోటు. ఆ రెండో రాయి అతనిదే.

ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, అయినా ఆ రెండు రాళ్ళ ముందుకు వచ్చేసరికి గొంతు మారిపోతుంది. ఒకసారి మా స్నేహితుడి వాళ్ళమ్మగారు, చదువు పెద్దగా లేని మనిషి, అంతా విని "శవాన్ని తెచ్చుకోవడానికి పద్నాలుగేళ్ళు పట్టిందా నాయనా" అని ఆ రెండో రాయి మీద చెయ్యి పెట్టబోయి, ముట్టుకోవచ్చా అని నా వైపు చూశారు. ఈ రాళ్ళు ఇసుకరాయి, అక్షరాలు రాలిపోతున్నాయి, చెయ్యి పెట్టకపోవడమే మంచిదని చెప్పాను. ఆవిడ చేతులు జోడించి నిలబడ్డారు.

అక్కడి నుంచి కాస్త పల్లంగా ఉన్న భాగాన్ని రబ్బీల లోయ అంటారు. 1427లో చనిపోయిన మహరిల్ అనే పెద్ద పండితుడు ఈ తోటలోనే ఉన్నాడు. రాళ్ళ మీద ఆశీర్వదిస్తున్నట్టు చాపిన రెండు చేతులు చెక్కి ఉంటే ఆ మనిషి యాజకుల వంశం, నీళ్ళ కూజా ఉంటే లేవీయుడు, అంటే యాజకులకి సాయపడే వంశంవాడు. మీ అమ్మానాన్న బైబిలు చదివినవాళ్ళు కాబట్టి ఈ గుర్తులు చెప్పగానే వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుంటారు, మీరు చూస్తుండండి.

పైకి కాస్త ఎత్తుగా ఉన్న చోటి నుంచి తల తిప్పితే ఒరిగిన సమాధి రాళ్ళ వెనక కతీడ్రల్, అంటే బిషప్ పెద్ద చర్చి, గోపురాలు కనిపిస్తాయి. మార్టిన్ బూబర్ అనే యూదు తత్వవేత్త 1933 జనవరిలో, హిట్లర్ అధికారంలోకి రావడానికి కొద్ది రోజుల ముందు, ఒక క్రైస్తవ పండితుడితో బహిరంగ చర్చలో ఈ చోటు గురించే మాట్లాడాడు. పైన ఏ లోటూ లేని ఆ కట్టడం, కింద వంకరటింకర రాళ్ళు, వాటి కింద బూడిద, అయినా దేవుడితో మా నిబంధన, అంటే ఒడంబడిక, రద్దు కాలేదు అన్నది ఆయన చెప్పిన మాటల సారం. నిబంధన అన్న మాట మీ నాన్నగారికి నేను వివరించక్కర్లేదు.

ఆ గోపురాల పక్కనే అప్పట్లో బిషప్ భవనం ఉండేది. 1096 మేలో మొదటి క్రూసేడ్‌కి, అంటే యెరూషలేమును పట్టుకోవడానికి క్రైస్తవులు చేసిన దండయాత్రకి, బయలుదేరిన మూకలు ఊరి మీద పడ్డాయి. 18న ఇళ్ళలో ఉన్న యూదుల్ని చంపారు, బిషప్ దగ్గర తలదాచుకున్నవాళ్ళని 25న చంపారు. హీబ్రూ వృత్తాంతాలు చెప్పే లెక్క సుమారు 800 మంది. అప్పటికి ఇరవై రెండేళ్ళ ముందే, 1074లో, జర్మన్ రాజు నాలుగో హెన్రీ వోర్మ్స్ జనానికి సుంకాల మినహాయింపు ఇస్తూ పత్రంలో యూదులని పేరు పెట్టి మరీ ప్రస్తావించాడు. అంత గౌరవంగా ఉన్న సంఘం అది. మళ్ళీ 1349లో ప్లేగుకి యూదులే కారణమని ఇంకో ఊచకోత. 1615లో ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు, మరుసటి ఏడు తిరిగొచ్చారు. ప్రతిసారీ తిరిగొచ్చారు, ఇది గుర్తుపెట్టుకుని ముందుకు నడవండి.

తోటలోంచి బయటికి వచ్చేటప్పుడు యూదులు చేతులు కడుక్కుంటారు. మన దగ్గర శ్మశానం నుంచి వస్తే కాళ్ళు కడుక్కోకుండా గడప దాటం కదా, అలాంటిదే.

కతీడ్రల్ మీదుగా ఊరికి ఉత్తరం వైపు తీరిగ్గా నడిస్తే ఇరవై నిమిషాల్లో యూదుల వీధి వస్తుంది, జర్మన్‌లో యూడెన్‌గాసె. పాత కోట గోడని ఆనుకుని విల్లులా వంగి ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా కాఫీ తాగించి కూర్చోబెట్టండి, ఏకబిగిన నడిపించొద్దు.

మందిరం బయట గుమ్మం పక్కన గోడలో 1034 నాటి శాసనం అతికించి ఉంటుంది, యాకోబ్ బెన్ దావీద్, ఆయన భార్య రాహేలు కట్టించారని. ఇప్పటి గుమ్మం, లోపలి రెండు స్తంభాల పద్ధతి 1174-75లో మళ్ళీ కట్టినప్పటివి. స్తంభాల తలల మీది చెక్కడం చూస్తే కతీడ్రల్ కట్టిన పనివాళ్ళ చెయ్యే ఇక్కడా పడిందని తెలుస్తుంది. గుమ్మం దగ్గర తాపీగా నిలబడండి. అంచులు విరిగి నల్లబడ్డ రాయి ఒకటి, దాని పక్కనే నున్నగా కొత్తరాయి ఒకటి. యుద్ధం అయ్యాక శిథిలాల్లోంచి ఏరిన ముక్కల్ని ఎక్కడివక్కడ పెట్టి, లేని చోట కొత్తవి వేశారు. 1961 డిసెంబరులో తెరిచారు. ప్రార్థన చేసేవాళ్ళే లేని ఊళ్ళో మందిరం ఎందుకని అప్పుడు వాదన కూడా జరిగింది. నా వరకు కట్టడమే మంచిదయింది అనుకుంటాను. ఇప్పుడు మైంజ్ యూదు సంఘం వాళ్ళు ఇక్కడ మళ్ళీ ప్రార్థనలు జరుపుతున్నారు. కాబట్టి లోపలికి వెళ్ళేటప్పుడు ఇది మ్యూజియం అనుకోకండి, గుడికో చర్చికో వెళ్ళినట్టే వెళ్ళండి. మగవాళ్ళు తల మీద టోపీ పెట్టుకోవాలి, సమాధుల దగ్గర కూడా.

మన తెలుగు బైబిల్లో సినగాగుని సమాజమందిరము అని రాశారు కదా. ఇంతకన్నా మంచి మాట లేదనిపిస్తుంది నాకు, ఎందుకంటే ఇక్కడ ప్రార్థన ఒక్కటే కాదు, చదువు, పంచాయితీలు, పెళ్ళిళ్ళు అన్నీ ఈ ఆవరణ చుట్టూనే జరిగేవి. పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు ఆ మాటే వాడండి, వెంటనే అందుతుంది.

పక్కనే ఆడవాళ్ళ మందిరం, 1212-13లో కట్టింది. ఆడవాళ్ళ కోసమని విడిగా కట్టిన ప్రార్థనా గదుల్లో యూరప్‌లో చాలా పాతది ఇది. గైడ్లు చాలామంది ఇక్కడ ఒక్క ముక్క చెప్పి ముందుకు తోలేస్తారు, నాకు బాధగా ఉంటుంది. 1196లో ఈ ఊళ్ళోనే రబ్బీ ఎలాజర్ ఇంట్లోకి దుండగులు చొరబడి ఆయన భార్య దుల్సియాని, ఇద్దరు కూతుళ్ళని చంపేశారు. పెద్దది బెలెట్, పదమూడేళ్ళది, చిన్నది హన్నా, ఆరేళ్ళది. ఆయన భార్య మీద హీబ్రూలో ఒక శోకగీతం రాశాడు. అందులో ఆవిడ ఏం చేసేదో వరసగా చెప్తాడు: సంపాదించి ఇల్లు నడిపేది, గ్రంథాలు కుట్టే దారం వడికేది, దీపాలకి వత్తులు చేసేది, ఊరూరా ఆడవాళ్ళకి కీర్తనలు నేర్పేది. వత్తులు చేసేది అనగానే మనవాళ్ళలో ఆడవాళ్ళు తల ఎత్తి వింటారు, ప్రతిసారీ. ఈ గది లేచింది ఆవిడ పోయిన పదహారేళ్ళకి. 1275లో చనిపోయిన ఉరానియా అనే ఆవిడ సమాధిరాయి మీద కూడా, ఆడవాళ్ళ కోసం మంచి గొంతుతో కీర్తనలు పాడేదని రాసి ఉంది.

రాషీ గురించి ఒక పొరపాటు సరిచేస్తాను. మందిరానికి ఆనుకుని రాషీ గది, అందులో రాషీ కుర్చీ అని రాతి కుర్చీ చూపిస్తారు. రాషీ అంటే యూదులు ఈనాటికీ లేఖనాల పక్కన పెట్టుకుని చదివే వ్యాఖ్యానం రాసిన పండితుడు. ఫ్రాన్సులోని ట్రోయ్‌లో పుట్టాడు, కుర్రతనంలో మైంజ్‌లోనూ వోర్మ్స్‌లోనూ చదువుకున్నాడు, అంతవరకు నిజం. కానీ 1105లో చనిపోయాడు, ఈ గది కట్టింది 1624లో. అక్కడ కూర్చుని పాఠం చెప్పే అవకాశమే లేదు. అలాగే బయట గోడలో ఒక గూడులాంటి పల్లం ఉంటుంది. రాషీని కడుపుతో ఉన్న తల్లి ఇరుకు సందులో బండి కింద పడబోతే గోడే లోపలికి వంగి కాపాడిందని కథ. ఇదే కథ ఇంకో రబ్బీ తల్లి పేరుతో కూడా ఉంది. కథని కథగా చెప్పండి, పెద్దవాళ్ళకి చాలా నచ్చుతుంది, చరిత్ర అని మాత్రం చెప్పకండి.

ఆవరణలో భూమిలోకి దిగే మెట్లు మిక్వావి, శుద్ధి స్నానం చేసే చోటు, 1185-86 నాటిది. తోడిపోసిన నీళ్ళు పనికిరావు, ఊట నీరో వాన నీరో దానంతట అది చేరినది కావాలి, అందుకే ఇక్కడ నీళ్ళు తగిలేదాకా తవ్వారు. మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులుంటే దిగనివ్వొద్దు. మరమ్మతులకని మూసే రోజులుంటాయి కాబట్టి ముందే చూసుకోండి. మిక్వా బాగా చూడాలంటే ఇంకోరోజు స్పైయర్ వెళ్ళండి, అక్కడిది సుమారు 1120 నాటిది, ఇంకా చక్కగా నిలిచి ఉంది.

ఆఖరిది రాషీ ఇల్లు, అంటే మ్యూజియం, 1982లో తెరిచింది, కింద నేలమాళిగలు మాత్రం పాతవి. అక్కడ వోర్మ్స్ ప్రార్థనా గ్రంథం గురించి తప్పక చెప్పండి. 1272 నాటి చేతిరాత పుస్తకం. అందులో పెద్ద అక్షరాల మధ్య ఖాళీల్లో లేఖకుడు చిన్నగా ఒక ఆశీర్వాదం రాశాడు, ఈ బరువైన పుస్తకాన్ని మందిరానికి మోసుకెళ్ళేవాడికి మంచి రోజు కలగాలని. యూరప్ యూదుల ఇంటిభాష ఇడ్డిష్‌లో, తేదీ తెలిసిన మొట్టమొదటి వాక్యం అదే. నాజీల కాలంలో ఊరి ఆర్కైవ్ అధికారి ఫ్రీడ్రిష్ ఇల్లర్ట్ దాన్ని దాచి కాపాడాడు, 1957 నుంచి యెరూషలేములో ఉంది.

మైంజ్, స్పైయర్, వోర్మ్స్ ఈ మూడూ కలిపి 2021 జూలైలో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. వీటిని శూమ్ ఊళ్ళు అంటారు, మూడు ఊళ్ళ హీబ్రూ పేర్ల మొదటి అక్షరాలు కలిపి చేసిన మాట. హీబ్రూలో శూమ్ అంటే వెల్లుల్లి కూడా.

ఇక మీరు అడగనిది ఒకటి, కానీ మీ అమ్మానాన్న లూథరన్లు కాబట్టి చెప్పాలి. 1521లో చక్రవర్తి ముందు లూథర్ నిలబడింది ఈ ఊళ్ళోనే, యూదుల వీధికి కాసేపటి నడక దూరంలో. అదే మనిషి 1543లో యూదుల మందిరాలు తగలబెట్టాలని రాశాడు. నాజీలు ఆ రాతల్ని వాడుకున్నారు. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1984లో ఆ రాతల్ని ఖండించింది. దాచిపెట్టి స్మారకం ఒక్కటీ చూపించి తీసుకొచ్చేయడం నాకు సరైనదనిపించదు. నేను ఒకసారి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ పాస్టరుగారికి ఇది ఎలా చెప్పాలా అని చాలా టెన్షన్ పడ్డాను. ఆయన విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పొద్దున చూసిన సమాధుల తోటకి మళ్ళీ తీసుకెళ్ళగలవా బాబూ అన్నారు. వెళ్ళాం. ఆ రెండు రాళ్ళ దగ్గర కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మీ వాళ్ళకి ఎప్పుడు చెప్పాలో మీకే తెలుస్తుంది, స్మారకం దగ్గర కాకుండా రైల్లో తిరిగొచ్చేటప్పుడు చెప్పినా పరవాలేదు.

శనివారం ఎందుకు వద్దన్నానంటే అది వాళ్ళ విశ్రాంతి దినం, సమాధుల తోట తెరవరు, యూదుల పండగల రోజుల్లో కూడా తెరవరు. మొదట్లో నాకు ఇది తెలియక హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనమామని శనివారం తీసుకెళ్ళాను, గేటు ఊచల్లోంచి చూసి వెనక్కి వచ్చాం. ఆయన మళ్ళీ జర్మనీ రాలేకపోయారు. పండగలు మన పండగల్లాగే ఏటా తేదీ మారతాయి, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వరసగా వస్తాయి, బయలుదేరే ముందు ఊరి పర్యాటక కేంద్రం సైట్లో చూసుకోండి.

నడిచేటప్పుడు కింద కూడా చూడండి. ఇళ్ళ ముందు పేవ్‌మెంట్‌లో అరచేయంత ఇత్తడి పలకలు మెరుస్తుంటాయి. ఆ ఇంట్లో ఉండి, నాజీల చేతిలో పోయిన మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, ఎక్కడికి తరలించారు, ఏమయ్యారు అన్నీ రాసి ఉంటాయి. ఈ ఊళ్ళో మిగిలినవాళ్ళని 1942లో తూర్పుకి తరలించారు. ఒక్కటైనా ఆగి పేరు పైకి చదవండి.

సమాధి మీద రాయి పెట్టాలని మీ అమ్మగారు అడుగుతారు, అందరూ అడుగుతారు. పెట్టొచ్చు, పూలు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ కాదు, చిన్న రాయే. కానీ లోపల ఇంకొకరి సమాధి మీదది తీసి పెట్టకూడదు, నేల మీద విరిగి పడిన ముక్క కూడా తీయొద్దు, అది ఏదో సమాధిరాయి తునక అయ్యుండొచ్చు. స్టేషన్ నుంచి వచ్చే దారిలోనే రెండు గులకరాళ్ళు ఏరి జేబులో వేసుకోండి.